స్విచ్చులన్నీ పనిచేస్తాయి

శనివారం రాత్రి పదిన్నరకి హెడ్‌సెట్లు తగిలించుకుంటాం. మొత్తం అయిదుగురం. ఇద్దరం హైదరాబాదు, ఒకడు బెంగుళూరు, ఒకడు డాలస్, ఇంకొకాయన మస్కట్. మస్కట్ ఆయన్ని అందరం అన్నా అంటాం, మిగతావాళ్ళం ఒకళ్ళకొకళ్ళం మావాలమే. పదకొండున్నర దాటేదాకా ఒక్క విమానం కూడా నేల వదలదు. ఆ గంటంతా మాటలే.

"పిచ్‌కి కర్వ్ ఎంత పెట్టావు మావా?"

"పదిహేను."

"డెడ్ జోన్?"

"రెండు. లేకపోతే ముక్కు దానంతటదే కిందికి దిగుతోంది. స్టిక్కు పోయేలా ఉంది."

"పోలేదులే. విప్పి పొటెన్షియోమీటర్ తుడువు."

మా ఆవిడ ఒకసారి ఇదంతా విని, "ఇది ఆటా, ఆఫీసు కాలా?" అని అడిగింది. న్యాయమైన అనుమానమే.

నేను ఇంతవరకూ రాసిన నాలుగు ముక్కలూ కథల పుస్తకాల మీద, నవలల మీద. ఈసారి ఒక యుద్ధవిమానాల సిమ్యులేటర్ మీద రాస్తున్నాను. దాని పేరు డీసీఎస్ వరల్డ్, చేసింది ఈగిల్ డైనమిక్స్ అనే సంస్థ. ఆటల గురించి సాహిత్యపత్రికలో ఎందుకు అనేవాళ్ళకి నా దగ్గర ఒక్కటే సమాధానం ఉంది. వాస్తవికత అనే మాటని మనం కథల గురించి మాట్లాడేటప్పుడు ఎంత పొదుపు లేకుండా వాడతామో అందరికీ తెలుసు. నా పరిచయంలో ఆ మాట కోసం డబ్బూ, నిద్రా, నడుమూ పోగొట్టుకుంటున్నవాళ్ళు ఈ సిమ్యులేటర్ల వాళ్ళే. అంత ఇష్టపడి కొనుక్కుంటున్న వాస్తవంలో ఏముంది, ఏది లేదు అని చూడ్డం విమర్శ పనే అనుకుంటున్నాను.

ముందు ఉన్నదాని గురించి.

డీసీఎస్‌లో విమానాలు ఒక్కొక్కటీ విడిగా అమ్ముతారు. వాటిలో పూర్తిస్థాయిలో తయారుచేసిన విమానమైతే కాక్‌పిట్‌లో మీకు కనిపించే ప్రతి స్విచ్చూ, ప్రతి డయలూ కదులుతుంది, కదిలినందుకు విమానంలో ఎక్కడో ఏదో జరుగుతుంది. నేను ఎక్కువగా నడిపేది మిగ్-21 బిస్. 2014లో వచ్చిన మాడ్యూల్. ఇంజను మొదలుపెట్టాలంటే బాటరీ, ఇన్వర్టర్లు, ఇంధనం పంపులు వరసగా వేసుకుంటూ పోయి, థ్రాటిల్‌ని దాని స్టాప్ దాటించి, అప్పుడు స్టార్ట్ బటన్ నొక్కాలి. మధ్యలో ఒకటి మర్చిపోతే ఏమీ జరగదు. ఎర్రక్షరాలతో తప్పు చూపించే పెట్టె కూడా రాదు. మీరు అలా కూర్చునే ఉంటారు. రెండు కీలు కలిపి నొక్కితే అంతా అదే చేసుకునే ఆటోస్టార్ట్ కూడా ఉంది. మా గుంపులో దాన్ని వాడేవాణ్ణి కల్లు పోటీకి సోడా తెచ్చుకున్నవాడిలా చూస్తారు.

ఈ విమానం బ్రేకు దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. కారులోలా కాలికింద ఉండదు. స్టిక్కుకి ఒక లివర్ ఉంటుంది, దాన్ని వేళ్ళతో పిండితే చక్రాలకి గాలి ఒత్తిడి వెళుతుంది. ఏ చక్రానికి ఎంత వెళ్ళాలో కాళ్ళకింది రడర్ పెడల్స్ తేలుస్తాయి. అంటే నేలమీద మలుపు తిరగాలంటే చెయ్యి పిండాలి, కాలు తొయ్యాలి, రెండూ ఒకే క్షణంలో. రెండో ప్రపంచయుద్ధం నాటి స్పిట్‌ఫైర్‌లో కూడా ఇదే ఏర్పాటు. ఇప్పుడు మన బల్లమీది స్టిక్కులో ఆ లివర్ ఉండదు కదా, బటన్‌కి తగిలిస్తాం. బటన్ అంటే సున్నా లేదా ఒకటి. బ్రేకు పూర్తిగా పడుతుంది, లేకపోతే అసలు పడదు. విమానం రన్‌వే పక్క గడ్డిలోకి పోతుంది. అప్పుడు తెలుస్తుంది, ఒత్తిడి కొద్దికొద్దిగా మారే యాక్సిస్ ఒకటి కావాలని. పాత స్టిక్కు అమ్మి లివరున్న స్టిక్కు కొంటాం. ఆ తర్వాత పెడల్స్. ఆ తర్వాత తల తిప్పితే తెర తిరిగే పరికరం. ఆ తర్వాత బల్లకి బిగించే ఇనప పట్టీలు. బయటివాళ్ళకి ఇది పిచ్చిలా కనిపిస్తుంది. నాకైతే ఇదొక రకం చదవడంలా ఉంటుంది. వాక్యం అర్థంకాక మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివినట్టే, విమానం అర్థంకాక చేతికింద ఉన్న వస్తువుని మార్చుకుంటున్నాం.

మిగ్-21ని దింపడం ఇంకా కష్టం. గంటకి 300 కిలోమీటర్లకి అటూఇటూ వేగంతో నేలని తాకుతుంది. ఫ్లాప్స్ మీదుగా ఇంజను నుంచి తీసిన గాలిని ఊది రెక్కకి అదనపు ఎత్తుబలం ఇచ్చే ఏర్పాటొకటి ఉంది దాంట్లో. రన్‌వే దగ్గరపడింది కదా అని అలవాటుగా థ్రాటిల్ మూసేశారంటే ఆ గాలి కూడా ఆగిపోతుంది, విమానం రాయిలా కూర్చుంటుంది. పుస్తకంలో ఈ సంగతి నేను ముందే చదివాను. చదివి కూడా పదిహేనుసార్లు కూల్చాను. పదహారోసారి నా ఎడమచెయ్యి దానంతటదే ఆగింది. తెలుసుకోవడానికీ తెలియడానికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే ఆ పదహారోసారిని చూపిస్తాను.

మన కథల్లో పని గురించి ఇంత పట్టింపుగా రాసినవి నాకు తక్కువ కనిపిస్తాయి. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో పందుల కాపరి ముసలాయన అడవిలో గడిపిన రాత్రి గుర్తొస్తుంది. చేతిలో ఏముందో, దాన్ని ఎలా పట్టుకోవాలో, ఏ అలికిడికి ఏం చెయ్యాలో తెలిసిన మనిషి కథ అది. మామూలుగా మన కథల్లో మనుషులు ఆఫీసుకి వెళతారు, వస్తారు. అక్కడ ఏం చేస్తారో రచయితకి కూడా తెలియదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ కథలు మరీ ఘోరం, నావి కూడా కలిపి. ఆ కొరత ఉన్నవాణ్ణి కాబట్టి ఈ స్విచ్చుల మీద నాకు గౌరవం ఎక్కువ. 1998 డిసెంబరులో వచ్చిన ఫాల్కన్ 4.0 అనే సిమ్యులేటర్‌తో పాటు దాదాపు ఆరువందల పేజీల మాన్యువల్ రింగ్ బైండర్‌లో పెట్టి ఇచ్చారు. రెండేళ్ళకి దాని సోర్స్ కోడ్ బయటికి పొక్కింది. ఇప్పటికీ కొందరు జీతం లేకుండా దాన్ని బాగుచేస్తూనే ఉన్నారు. ఒక రచనని పాఠకులు పాతికేళ్ళకి పైగా ఇలా మోసుకు తిరగడం మన దగ్గర ఎన్నిటికి జరిగింది?

మా పెద్దమావయ్య ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవయ్యేళ్ళు చేశాడు. పైలట్ కాదు, ఎలక్ట్రికల్ ఫిట్టర్. ఎనభైల్లో ఆయన చేతిలో ఉన్నది మిగ్-21 బిస్సే. మన వాయుసేన 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో ఆ విమానాలకి చివరి వీడ్కోలు చెప్పినప్పుడు ఆయన వైజాగులో టీవీ ముందు కూర్చుని చూశాడట. దీపావళికి మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఉత్సాహం ఆపుకోలేక సిస్టం ముందు కూర్చోబెట్టాను.

"ఏట్రా ఇది, అన్నీ తిరుగుతున్నాయి!" అన్నాడు. కాసేపు మౌనం. నేను చెప్పకుండానే మౌస్ పట్టుకుని కుడివైపు పానెల్ మీద ఒక్కొక్క స్విచ్చే వేసుకుంటూ పోయాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. ఒకటి రెండు చోట్ల మాత్రమే వెతుక్కున్నాడు. ఇంజను అందుకుంది. ఆయన నవ్వలేదు.

"ఫారం ఏదిరా?"

"ఏ ఫారం మావయ్యా?"

"ఫారం 700. నేను చూశానని నేను సంతకం పెట్టాల. తీసుకెళ్తన్నానని పైలట్ పెట్టాల. సంతకం లేకుండా ఎలా ఎక్కేశావు?"

లేదని చెప్పాను. కిందినుంచి కరెంటు ఎవరిచ్చారని అడిగాడు. మెనూలో నొక్కితే ఇస్తారు అన్నాను, నొక్కి చూపించాను కూడా. ఇంగ్లీషులో ఒక గొంతు పలికింది. కెమెరాని బయటికి తిప్పాను. విమానం చుట్టూ కాంక్రీటు. ఎవరూ లేరు. మావయ్య తెర దగ్గరికి వంగి రెక్కకింద చూశాడు, తను నిలబడే చోటనుకుంటాను. "బాగుంది నాన్నా" అని లేచి కాఫీకి వెళ్ళిపోయాడు. ఆ బాగుందిలో బాగోనిదేమిటో అర్థమవడానికి నాకు కొంతకాలం పట్టింది.

అన్నట్టు డీసీఎస్‌లో నేలమీద అసలు మనుషులే లేరనడం తప్పు. సైనికులున్నారు. విమానవాహక నౌక డెక్ మీద రంగురంగుల జెర్సీలేసుకుని చేతులూపే సిబ్బందిని 2020లో తెచ్చారు, వాళ్ళని చూడ్డం చాలా బాగుంటుంది. 2024లో వచ్చిన ఎఫ్-4 ఫాంటమ్‌లో అయితే ఏ రెండు విమానాలూ ఒకేలా ఉండవు, ఒక్కొక్క భాగం అరుగుదలని లెక్కగట్టారు. పాతబడ్డ విమానం పాతబడ్డట్టే ప్రవర్తిస్తుంది. అరుగుదల ఉంది సరే. అరిగిన భాగాన్ని చూసి, వేలితో తడిమి, రేపటికి పనికిరాదని రాసే మనిషి ఎక్కడ?

ఇక ఎదురుచూపులు. ఈ వ్యాపకంలో సగం కాలం రాబోయేవాటిలోనే గడుస్తుంది. ఎఫ్-4 యూ కోర్సెయిర్ 2025లో వచ్చింది. దానికి ఎదురునిలిచే జపాన్ జీరోలో మనమే కూర్చునే రోజు ఎప్పుడని ఒకడు అడుగుతాడు. ఐఎల్-2 వాళ్ళు కొరియా యుద్ధం మీద చేస్తున్నది ఎప్పుడని ఇంకొకడు. 2025 జనవరిలో ఈగిల్ డైనమిక్స్ ఎఫ్-35ఎ చేస్తామని ప్రకటించినప్పుడు మా శనివారం రెండుగా చీలిపోయింది. దాని రాడార్ వివరాలూ, సెన్సర్ల వివరాలూ రహస్యం. రహస్యమైనదాన్ని వాస్తవంగా ఎలా చేస్తారు, అది కట్టుకథ అవుతుంది కదా అని డాలస్‌వాడు. ఉన్న సమాచారంతో ఊహించడం తప్పెలా అవుతుందని బెంగుళూరువాడు. నేను నోరు తెరవలేదు గానీ లోపల నవ్వొచ్చింది. చారిత్రక నవలల మీద మనం ఏళ్ళతరబడి చేసుకున్న తగువే అది, అక్షరం పొల్లుపోకుండా.

విమానం కోసం ఎదురుచూసేవాడు తను ఏమవ్వాలో దాని కోసం చూస్తాడు. మ్యాపు కోసం ఎదురుచూడ్డం వేరే రకం. మ్యాపంటే ఒక ప్రాంతం మొత్తం: కొండలు, నదులు, రన్‌వేలు, ఊళ్ళు. కాకసస్ ఉచితం. మిగతావాటిలో చాలావరకు కొనుక్కోవాలి. నార్మండీ, పర్షియన్ గల్ఫ్, సిరియా, సైనాయ్, అఫ్గానిస్తాన్, కోలా. పేర్లు వరసగా చదువుతుంటే మీకూ ఏదో తోచే ఉంటుంది.

సిరియా మ్యాపు 2020లో వచ్చింది. అప్పటికి ఆ దేశంలో అసలు యుద్ధం మొదలై తొమ్మిదేళ్ళు, ఇంకా అవుతూనే ఉంది. ఆ మ్యాపు పనితనం అద్భుతం, అబద్ధం చెప్పను. సాయంకాలం లెబనాన్ కొండల మీదుగా సముద్రంవైపు వస్తే బేరూట్ మీద పడే వెలుగు చూడ్డానికి నేను ఏ పనీ పెట్టుకోకుండా ఎగిరిన రోజులున్నాయి. అలెప్పో మీద తక్కువ ఎత్తులో నాలుగైదుసార్లు తిరిగాను. నాకు కనిపించిన అలెప్పోలో కూలిన ఇల్లు లేదు. వార్తల్లో నేను చూసిన ఊరికీ దీనికీ పేరు ఒకటే. చేసినవాళ్ళని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. శిథిలాలు పెట్టి ఉంటే ఏమనేవాణ్ణి? వేరేవాళ్ళ ఏడుపుని అమ్ముకుంటున్నారు అనేవాణ్ణేమో. ఊరిని ఎవరికీ ఏమీ కాని కాలంలో నిలబెట్టడం ఒకలెక్కన మర్యాదే. కాకపోతే ఆ ఏమీ కాని ఊరి మీదికి మేం వెళ్ళేది రెక్కల నిండా బాంబులు తగిలించుకుని.

సెట్టింగుల్లో ఒక చోట సివిల్ ట్రాఫిక్ అని ఉంటుంది. ఎదురుగా నాలుగు ఎంపికలు: ఆఫ్, లో, మీడియం, హై. హై పెడితే రోడ్ల మీద కార్లూ లారీలూ తిరుగుతాయి. మామూలు మనుషుల బతుకంటూ ఈ ప్రపంచంలో ఉన్నది ఆ ఒక్క గీతలోనే. సిస్టం కొంచెం పాతదైతే అందరూ మొదట ఇచ్చే సలహా ఏమిటో ఊహించండి. దాన్ని ఆఫ్ చెయ్యమంటారు, ఫ్రేములు పెరుగుతాయని. నేనూ చాలామందికి ఇచ్చాను ఆ సలహా. నేను రోజూ ఆఫీసులో చేసేది కూడా ఇలాంటి కాన్ఫిగరేషన్ ఫైళ్ళే కాబట్టి చెబుతున్నాను: ఒక ప్రోగ్రాం దేన్ని ముఖ్యం అనుకుంటోందో దాని ముందుమాటలో తెలియదు, దేన్ని ఆపేసినా నడుస్తుందో చూస్తే తెలుస్తుంది. సిమ్యులేటర్‌లో ఇంధనం పంపు ఆపేస్తే ఇంజను అందుకోదు. జనాన్ని ఆపేస్తే ఇంకా బాగా నడుస్తుంది.

ఇక్కడ నాకు ఒక పుస్తకం అడ్డొస్తుంది. సాంత్ ఎగ్జుపెరీని మనవాళ్ళు చాలామంది 'లిటిల్ ప్రిన్స్' రచయితగానే ఎరుగుదురు. ఆయన యుద్ధపైలట్. 1940 మేలో ఫ్రాన్స్ ఓడిపోతున్న రోజుల్లో అరాస్ పట్టణం మీదికి ఫొటోల కోసం ఎగిరిన ఒక ప్రయాణాన్ని పట్టుకుని రాసిన పుస్తకం 1942లో వచ్చింది, ఇంగ్లీషులో 'ఫ్లైట్ టు అరాస్'. అందులో సిమ్యులేటర్ వాళ్ళు కళ్ళకద్దుకోవాల్సిన పేజీలున్నాయి. చాలా ఎత్తున చలికి కంట్రోళ్ళు గడ్డకట్టుకుపోతాయి. రడర్ పెడల్ కదలదు. గట్టిగా తొక్కితే, పల్చటి గాలిలో ఆ కాస్త శ్రమకే ఆయనకి స్పృహ తప్పబోతుంది. కర్వ్ ఎంత, డెడ్ జోన్ ఎంత అని మేం మాట్లాడుకునే భాషకి ఆయన నిజమైన మూలపురుషుడు. పరికరం గురించి అంత శ్రద్ధగా రాసిన మనిషే, అదే పుస్తకంలో, కింద రోడ్ల మీద కదలకుండా ఇరుక్కుపోయిన కాందిశీకుల గురించి రాస్తాడు. బళ్ళు, పరుపులు, పిల్లలు, ఎక్కడికి పోతున్నారో తెలియని జనం. పైనుంచి చూసినదీ ఉంది, వాళ్ళమధ్య నిలబడి చూసినదీ ఉంది. చివరికి తను బసచేసిన రైతు ఇంట్లో రొట్టె తుంచి పంచుకోవడం దగ్గరికి వస్తాడు. గడ్డకట్టిన పెడల్‌కీ ఆ రొట్టెకీ మధ్య ఎక్కడా అతుకు కనబడదు. ఒకే చూపు ఆ రెండిటినీ చూసింది.

మా సిమ్యులేటర్‌లో ఆ పుస్తకం మొదటి సగం ఉంది. రెండో సగం సెట్టింగుల్లో ఉంది.

దీనికి ఎదురువాదన నేనే చెప్పుకుంటాను, ఎందుకంటే అది బలమైనది. జేమ్స్ సాల్టర్ కొరియాలో ఎఫ్-86 సేబర్‌తో వందకి పైగా మిషన్లు ఎగిరాడు. 1956లో 'ది హంటర్స్' అనే నవల రాశాడు. అందులో కూడా నేల దాదాపు లేదు. యాలూ నది ఒక గీత, దానవతల మిగ్‌లు, ఇవతల వీళ్ళు. పైలట్ల ధ్యాసంతా అయిదు విమానాలు కూల్చి ఏస్ అనిపించుకోవడం మీదే. నలభైవేల అడుగుల ఎత్తునుంచి ఎవరి ఊరూ కనబడదు, కనబడినట్టు రాస్తేనే అబద్ధం. ఫైటర్ పైలట్ ప్రపంచం అంత ఇరుకు. సిమ్యులేటర్ ఆ ఇరుకుని నిజాయితీగా చూపిస్తోంది కదా అని మస్కట్ అన్న అంటాడు. మన సినిమాల్లోలా కాక్‌పిట్‌లో కూర్చుని దేశభక్తి డైలాగులు చెప్పించడం లేదు, శత్రువుని బూతులు తిట్టించడం లేదు, ఖాళీగా వదిలేసింది. ఖాళీ అబద్ధం కంటే నయం.

ఒప్పుకుంటాను, సగం. సాల్టర్ నవలలో నేల లేదు గానీ పక్క విమానంలో మనిషి ఉన్నాడు. కథానాయకుడు తను కూల్చిన విమానాన్ని, రుజువు చేసే ఫిల్ములేని పరిస్థితిలో, చనిపోయిన తన తోటి పైలట్ లెక్కలో రాయిస్తాడు. లెక్క కోసమే బతికిన మనిషి ఆ లెక్కని ఇచ్చేస్తాడు. అలాంటిది జరగడానికి ముందు చావనేది ఉండాలి. మా శనివారాల్లో కూలిపోయినవాడు ముప్ఫై సెకన్లలో కొత్త విమానంలో ప్రత్యక్షమై "ఎక్కడున్నారు మావా?" అంటాడు. ఫాల్కన్ 4.0లో కనీసం యుద్ధం మన కోసం ఆగేది కాదు. కొరియా మొత్తం మీద ట్యాంకులూ విమానాలూ వాటి పని అవి చేసుకుపోతుండేవి, మనం నిద్రపోయిన కూలిపోయినా. అంత పాత ప్రోగ్రాంలో మనిషి ఎంత చిన్నవాడో తెలిసేది. ఇప్పటి డీసీఎస్‌లో స్విచ్చులు పెరిగాయి, ఆ చిన్నతనం తగ్గింది.

మ్యాపుల గురించి ఇంకో సంగతి. 1971 డిసెంబరు 14న ఢాకాలో గవర్నమెంట్ హౌస్ మీద మన మిగ్-21లు రాకెట్లతో దాడిచేశాయి. అప్పటికప్పుడు అందిన పని. ఊళ్ళో ఆ భవనం ఎక్కడుందో చూసుకోవడానికి పైలట్ల దగ్గరున్నది టూరిస్టు మ్యాపు. ఆ రోజే గవర్నరు రాజీనామా చేశాడు, రెండు రోజులకి యుద్ధం అయిపోయింది. ఈ సంగతి చదివినప్పటినుంచీ నా ఆలోచనంతా ఆ కాగితం మీదే. టూరిస్టు మ్యాపంటే చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం వేసినది. హోటళ్ళూ పార్కులూ చూపించే మ్యాపు. కొందరు బతకడం కోసం గీసుకున్న ఊరి బొమ్మ కాక్‌పిట్‌లో మోకాలి మీద ఎలా ఉండి ఉంటుంది? మా సిమ్యులేటర్‌లో ఈ మిషన్ చెయ్యాలంటే ఢాకా మ్యాపు లేదు. ఉంటే వీధులన్నీ సరిగ్గా ఉంటాయని నాకు నమ్మకం.

మా అయిదుగురికీ ఏ మ్యాపు కావాలని ఒక శనివారం మాటొచ్చింది. బెంగుళూరువాడు కార్గిల్ అన్నాడు, డాలస్‌వాడు పంజాబ్ సరిహద్దు. ఇవి ఊహించినవే. నేను వైజాగ్ అన్నాను. 1942.

ఆ ఏడాది ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు వైజాగు మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. పెద్ద యుద్ధం లెక్కల్లో అదొక చిన్న సంగతి, చనిపోయినవాళ్ళూ కొద్దిమందే. ఊరు మాత్రం చాలావరకు ఖాళీ అయింది. మా అమ్మమ్మకి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఈ కథ నేను ఆవిడ దగ్గర చాలాసార్లు చెప్పించుకున్నాను. విమానాల పిచ్చి నాకు అప్పటికే ఉంది కాబట్టి ప్రతిసారీ అడిగేది ఒకటే: ఎన్ని విమానాలు, ఎంత ఎత్తున, రెక్కలమీద ఎర్రచుక్క కనిపించిందా? ఆవిడ దగ్గర జవాబు లేదు. విమానాన్ని ఆవిడ చూడనే లేదు. గుర్తున్నదల్లా పొయ్యిమీద అన్నం ఉడుకుతుంటే వాళ్ళమ్మ గిన్నె దింపలేదని, చోడవరం వెళ్ళే బండిలో కూర్చున్నాక అది గుర్తొచ్చి దారిపొడుగునా "మాడిపోయుంటాది, మాడిపోయుంటాది" అంటూనే ఉందని. వెనక్కి వచ్చేసరికి ఆ గిన్నె అలాగే ఉందట, అడుగున నల్లగా.

ఇదంతా నేను వాళ్ళకి చెప్పలేదు. వైజాగ్ అన్నానంతే. మస్కట్ అన్న అందరికంటే బాగా మిషన్లు తయారుచేస్తాడు, అందుకే వెంటనే పనిలోకి దిగాడు.

"ఓడ ఉంటుంది సరే. సముద్రం వైపునుంచి వస్తారు. ఎదురెళ్ళడానికి ఏ విమానం పెట్టమంటావ్ తమ్ముడూ?"

"ఏమీ లేవన్నా. ఎదురెళ్ళి పోరాడే ఫైటర్లు ఆ రోజు వైజాగులో లేవు."

"మరి మనం ఎక్కడ కూర్చోవాలి?"

నేను దాని గురించి అప్పటిదాకా ఆలోచించలేదు. ఇన్నేళ్ళుగా కోరుకున్న మ్యాపు అది. రేవూ, డాల్ఫిన్స్ నోసూ మనసులో ఎన్నిసార్లు కట్టుకున్నానో. ఆ మ్యాపులో ఎక్కడానికి ఉన్న కాక్‌పిట్ ఒక్కటే, బాంబులు మోసుకొచ్చేది. దాంట్లో కూర్చుంటే స్విచ్చులన్నీ పనిచేస్తాయి. మిగిలినవాళ్ళ చోటు పొయ్యి దగ్గర, బండిలో.

"కష్టమే అయితే" అన్నాడు అన్న, మిషన్ల సంగతిగానే. ఎవరో నవ్వారు. మాట కార్గిల్ మీదికి మళ్ళింది.

ఆ రాత్రి ఎగిరింది కాకసస్‌లో, ఎప్పటిలాగే. ఎక్కేముందు నేను అన్నని అడిగి మిషన్‌లో సివిల్ ట్రాఫిక్ హై పెట్టించాను. ఎందుకని ఆయన అడగలేదు. చీకటిపడే వేళ కుటాయిసీ దాటి రోడ్డు పక్కగా తక్కువ ఎత్తులో వెళ్ళాం. కింద ఒక కారు, దాని వెనక ఇంకొకటి. ఎంత ముచ్చటగా చేశారో, ఎవరో ఇంటికి పోతున్నట్టే ఉంది అన్నాడు బెంగుళూరువాడు. నేను వాటి వెనకే రెండు నిమిషాలు తిరిగాను, ఫ్లాప్స్ దించి, మిగ్-21 పడిపోకుండా ఎంత నెమ్మదిగా పోగలదో అంత నెమ్మదిగా. ఎడమచేతిలో థ్రాటిల్ వణుకుతోంది. ఆ కారు ఏ ఊరు చేరుతుందో చూద్దామనుకున్నాను.

"మావా, నాకు ముప్ఫై ఫ్రేములు కూడా రావట్లేదు" అన్నాడు డాలస్‌వాడు. "ఆ ట్రాఫిక్ తీసెయ్యండి."

కిందికి దిగి తీసేసి, మళ్ళీ లేచాం.